నీటిని పట్టి ఉంచు పిండి

పొలమున ఎరువు చల్లుట కష్టము కాదు. చల్లిన ఎరువును పైరు అందుకొనువరకు నేలలో నిలుపుట కష్టము. యూరియా నీటిలో ఇట్టే కరగును. వాన ఎక్కువైనచో అందలి నత్రజని వేళ్ళకు అందని లోతునకు దిగిపోవును. కొంత అమోనియాగా మారి గాలిలో కలియును. నేలలో తేమ లేనిచో ఎరువు ఉండియు పైరునకు లేనట్లే. ఈ ముడిని విప్పుటకు జరిగిన యత్నములలో ఒకదాని చరిత్రను నేడు చెప్పుకొందము.

1913లో జర్మనీలోని ఒప్పౌ కర్మాగారమున గాలిలోని నత్రజని నుండి అమోనియాను తయారుచేయుట ఆరంభమైనది. ఎరువు పుష్కలమగుటకు దారి ఏర్పడినది. దానిని పొదుపుగా అందించుట మిగిలినది. 1960 తరువాత అమెరికాలో టెనెసీ లోయ అథారిటీ శాస్త్రజ్ఞులు యూరియా గుళికలకు గంధకపు పూత పూసి, అవి మెల్లగా కరగునట్లు చేసినారు. అయితే ఆ పూత ఎరువును ఆపునే కాని నీటిని నిలుపదు.

నీటిని నిలుపు పదార్థము మొక్కజొన్న పిండి నుండి వచ్చినది. ఇలినాయ్ రాష్ట్రమున పియోరియా పట్టణములో అమెరికా వ్యవసాయ శాఖ వారి పరిశోధనాలయము కలదు. మిగులు పంటలకు కొత్త ఉపయోగములు కనుగొనుట దాని పని. 1941లో పెన్సిలిన్ ఉత్పత్తిని పెంచు మార్గమును చూపినదియు అదియే. 1970 తరువాతి సంవత్సరములలో అచట ఫాంటా, డోన్, వీవర్, బాగ్లీ అను శాస్త్రజ్ఞులు పిండిపదార్థమునకు అక్రిలోనైట్రైల్‌ను అంటుగట్టి, క్షారముతో ఉడికించినారు. ఎండిన ఆ పదార్థము తన బరువునకు కొన్ని వందల రెట్లు శుద్ధజలమును పీల్చి, కరగక, ముద్దగా నిలిచినది. దానికి వారు ‘సూపర్ స్లర్పర్’ అని ముద్దుపేరు పెట్టినారు.

దీని మర్మము సులభమే. అందలి పొడవైన అణువుల గొలుసులపై రుణవిద్యుదావేశము ఉండును. అవి ఒకదానినొకటి నెట్టుకొనుటచే నడుమ చోటు ఏర్పడి నీరు చేరును. గొలుసుల మధ్య ముడులు ఉన్నందున ముద్ద విడిపోదు. అందులో ఎరువును చేర్చినచో అది నీటితోపాటు మెల్లమెల్లగా వెలుపలికి వచ్చును.

విత్తనములకును, నాటు మొక్కల వేళ్ళకును దీనిని పూసి చూచినారు. కాని ఇట్టి పదార్థములకు పెద్ద బజారు పొలమున దొరకలేదు. పసిపాపల డైపర్లలో దొరికినది. ఖరీదు ఒక అడ్డంకి. రెండవది ఉప్పు. ఎరువులలోని లవణములు, అందును కాల్షియము, మెగ్నీషియములు, గొలుసుల నెట్టుబాటును తగ్గించును, ముద్ద కుంచించుకొనిపోవును. యూరియాకు విద్యుదావేశము లేదు కనుక దానివలన ఈ చిక్కు తక్కువ. ఎరువును నిలుపవలసిన సంచియే ఎరువునకు లొంగిపోవుట ఈ చరిత్రలోని అసలు సమస్య.

మన దేశమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వారు సెల్యులోజ్ ఆధారముగా ‘పూసా హైడ్రోజెల్’ను రూపొందించినారు. వేడి నేలలలోను పనిచేయునట్లు దానిని ఉద్దేశించినారు. ఎకరమునకు ఒకటి రెండు కిలోలు చాలునని సిఫారసు. నేలలో వేసినది తుదకు ఏమగునను ప్రశ్నయు ఉన్నది. 2019లో యూరోపియన్ యూనియన్ చేసిన ఎరువుల నిబంధనలు, ఇట్టి పాలిమర్లు నేలలో క్షీణించునవిగా ఉండవలెనని గడువు విధించినవి.

ఈ పిండి వానను కురిపించదు. కురిసినదానిని కొన్నాళ్ళు దాచును. అనంతపురము వంటి మెట్టప్రాంతపు రైతునకు ఆ కొన్నాళ్ళే పంటకును నష్టమునకును నడుమ ఉన్న దూరము కావచ్చును. కనుక కొనుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయుడని మా మనవి. ఒక గ్లాసులో వాన నీరు, మరొక గ్లాసులో మీ బావి నీరు పోసి, రెండింటను చిటికెడు పిండి వేయుడు. బావి నీటిలో ముద్ద ఎంత చిన్నదగునో చూచి, పిమ్మట పొలములో ఒక మూల మాత్రమే వేసి, వేయని మూలతో పోల్చుకొనుడు. పొట్లముపై అచ్చువేసిన అంకె శుద్ధజలమునకు సంబంధించినది కావచ్చును; మన పైరు త్రాగునది మన నేలలోని నీరే.