శ్రుతి ఎవరిది?

ఇండోనేషియాలో జావా దీవికి పడమటి వైపు సుండా ప్రజలుంటారు. దాదాపు అందరూ ముస్లింలే. భాష వేరు, పాట వేరు. అయినా బయటి ప్రపంచం వాళ్ళని 'జావా వాళ్ళు' అని ఒకే గంపలో వేసింది. 1889లో పారిస్ ప్రదర్శనలో ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ గమెలాన్ విని ముగ్ధుడయ్యాడు. గమెలాన్ అంటే గంటలూ పలకలూ కలిసిన మేళం. అక్కడ దాన్ని వాయించింది పరాకాన్ సలాక్ తేయాకు తోట నుంచి వచ్చిన సుండా కళాకారులు. పుస్తకాల్లో మాత్రం అది 'జావా సంగీతం'. దెబుస్సీ పేరు లోకమంతా తెలుసు. వాయించిన వాళ్ళ పేర్లు ఎవరిక్కావాలి?

పేరు తర్వాత శ్రుతి. సుండా వాళ్ళ పెలోగ్, సలెంద్రో స్వరాలు పియానో మెట్లకి సరిపోవు. ఒక గమెలాన్ శ్రుతి ఇంకో గమెలాన్‌తో కూడా అచ్చంగా కలవదు. ఏ మేళం గొంతు దానిదే. మరి పాశ్చాత్య సంగీతంతో కలవాల్సి వస్తే?

అంక్లుంగ్ వెదురు గొట్టాల వాయిద్యం. ఊపితే ఒక్క స్వరమే పలుకుతుంది. ఒక పాట కావాలంటే పదిమంది కలవాలి. వరి పండుగల్లో మోగేది. 1938లో దాయెంగ్ సుతిగ్నా అనే బడిపంతులు దాన్ని పాశ్చాత్య స్వరాలకి మలిచాడు. అప్పటికి డచ్చి వాళ్ళ పాలన. ఆయన చేసింది చిన్న పని కాదు. వేలమంది పిల్లల చేతికి వెదురు అందింది. 1955 బాండుంగ్ సదస్సులో ఆసియా, ఆఫ్రికా నేతల ముందు మోగింది. ఆర్కెస్ట్రా పక్కన నిలబడింది. 2010లో యునెస్కో జాబితాకెక్కింది, 'ఇండోనేషియా అంక్లుంగ్' అనే పేరుతో. వేదిక దొరికింది. పాత శ్రుతి, సుండా పేరు వెనకబడ్డాయి.

ఇంకో దారి కూడా ఉంది. 1978లో అమెరికా స్వరకర్త లూ హారిసన్ సుండా వాళ్ళ గమెలాన్ దెగుంగ్‌కి ఫ్రెంచ్ హార్న్ జోడించి 'మైన్ బెర్సామా-సామా' రాశాడు. కలిసి వాయిద్దామని ఆ పేరుకి అర్థం. లోహపు గంటలు వాయించేటప్పుడు శ్రుతి మార్చుకోలేవు. హార్న్ ఊదేవాడే పెదవులు సవరించుకుని వాటి దగ్గరికి రావాలి. వస్తే సంగీతం చెడిపోలేదు.

కలిసిపొమ్మని చెప్పడం తేలికే. ముందు ఈ సంగతి తేల్చండి: శ్రుతి సరిచేసుకోవాల్సింది ఎప్పుడూ ఒక్కళ్ళేనా?