తాతగారి తుపాకి

మనలో కొందరికి స్వగ్రామాన తాతల నాటి తుపాకి ఉన్నది. దానిని గూర్చిన చట్టం ఎట్లు మారినదో నాలుగు మాటలలో మనవి చేస్తున్నాము.

1878లో లిట్టన్ ప్రభువు హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేక తుపాకి ఉంచుకొంటే భారతీయునికి శిక్ష. దొరలకు మాత్రం మినహాయింపు. ఈ భేదమే మనవారి మనసులను ఎక్కువ నొప్పించింది. 1930లో గాంధీజీ ప్రభుత్వం ముందు పెట్టిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సు ఒకటి.

స్వతంత్రం వచ్చాక 1959లో చేసిన కొత్త చట్టం 1962లో అమలుకు వచ్చింది. గొట్టం 20 అంగుళాలకు తగ్గని, లోపల నునుపైన తుపాకిని ఆత్మరక్షణకు గాని, మూతి నుండి మందు దట్టించే తుపాకిని పంట కాపుదలకు గాని కోరిన పౌరునికి, అనర్హుడైతే తప్ప, లైసెన్సు ఇవ్వాలన్నది. 1983లో మనిషికి మూడు తుపాకులని హద్దు పెట్టారు. 2019లో రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోనిదే.

కనుక పెద్దలు గతించాక తుపాకిని అటకపై దాచరాదు. పోలీసు ఠాణాలోనో, లైసెన్సుగల వర్తకుని వద్దనో అప్పగించి, రసీదు పుచ్చుకొని, వారసుని పేర దరఖాస్తు పెట్టుకోవాలి. నాటి చట్టం మనలను శంకించి పుట్టినది. నేటిది మనం ఎన్నుకొన్న సభ చేసినది. దీనిని పాటించుట మనకు గౌరవమే.