వారం వారం లెక్క అప్పజెప్పే సభ్యత్వం

సికింద్రాబాద్‌లో రాంగోపాల్‌పేట్ నుంచి కాస్త దూరం నడిస్తే సరోజినీదేవి రోడ్డు మీద సెయింట్ మేరీస్ చర్చి కనిపిస్తుంది. కంటోన్మెంట్ కాలంలో, 1850లో, దాన్ని కట్టించింది డేనియల్ మర్ఫీ అనే ఐరిష్ గురువు. 2008లో దానికి బసిలికా హోదా వచ్చింది. మర్ఫీ దేశం నుంచే ఆ తర్వాతి శతాబ్దంలో ఒక గృహస్థుల సంఘం బయల్దేరి లోకమంతా పాకింది. తెలుగు విచారణల్లో మరియ దళం అని పిలిచే లీజన్ ఆఫ్ మేరీ అదే. జ్ఞానస్నానంతోనే శ్రీసభలో సభ్యులైపోయినవాళ్లకు మళ్లీ ఇంకో సభ్యత్వం ఎందుకన్న ప్రశ్న దీని విషయంలో ఎప్పుడూ ఉన్నదే. దళం పుట్టిన తీరు చూస్తే జవాబు దొరుకుతుంది. భక్తి చాలామందికి ఉంటుంది. ఈ వారం ఏం చేశావని అడిగేవాళ్లే ఉండరు. దళం ఆ అడిగే పని పెట్టుకుంది.

ఇలాంటి సంఘాలు అంతకుముందూ ఉన్నాయి. 1563లో రోములోని యేసుసభ కళాశాలలో జాన్ లేనిస్ అనే గురువు విద్యార్థులతో మరియమాత పేర సమాజం పెట్టాడు. అక్కడ ముఖ్యం ప్రార్థన, ఆత్మశుద్ధి. 1833 ఏప్రిల్ 23న, సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజున, ఫ్రెడెరిక్ ఓజనామ్ పారిస్‌లో కొద్దిమంది స్నేహితులతో మొదలుపెట్టిన సంఘం బీదవాడి గడప తొక్కడాన్నే నియమం చేసుకుంది. అదే విన్సెంట్ దె పాల్ సభ. డబ్లిన్‌లో ప్రభుత్వ ఉద్యోగి ఫ్రాంక్ డఫ్ 1913లో ఆ సభలో చేరాడు. సభ సభ్యులు ఆస్పత్రికి వెళ్లి రోగులను చూసివచ్చిన సంగతులు విని, ఆ పని తామూ చేస్తామని కొందరు స్త్రీలు ముందుకొచ్చారు. ఆ సభలో అప్పటికి మగవాళ్లకే చోటు. అందుకే 1921 సెప్టెంబర్ 7 సాయంత్రం ఫ్రాన్సిస్ స్ట్రీట్‌లోని మైరా హౌస్‌లో డఫ్, ఫాదర్ మైకేల్ టోహెర్, పదిహేనుమంది దాకా స్త్రీలు వేరే కూడిక పెట్టుకున్నారు. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, చేసిన పని వచ్చే వారం కూడికలో చెప్పాలి. ఆ మొదటి సాయంత్రపు ఏర్పాటే తర్వాత దళం నియమావళికి వెన్నెముక అయింది. లీజన్ అన్న పేరు 1925లో గాని రాలేదు. దళం వాడే ఇలాంటి రోమన్ సైన్యపు మాటలన్నీ పని కుదురుకున్నాక తొడిగిన చొక్కాలే.

కూడిక ఎలా జరుగుతుందో చూస్తే ఈ లెక్క అడిగే పద్ధతి ఇంకా తేటపడుతుంది. బల్ల మీద తెల్లటి గుడ్డ, మరియమాత స్వరూపం, ఇరువైపులా పూలకుండీలు, వెలిగించిన రెండు కొవ్వొత్తులు, ముందు దళం ధ్వజం. జపమాల అయ్యాక గత వారం మినిట్స్ చదువుతారు. ఆపైన ఒక్కొక్కరు నోరు విప్పి తమ పని చెప్పాలి: ఎవరింటికి వెళ్లారు, ఏం మాట్లాడారు, తలుపు తీశారా లేదా. కూడికలోనే చందా సంచి తిరుగుతుంది. ఎవరు ఎంత వేశారో పక్కవాడికీ తెలియదు. డబ్బు గుట్టుగా, పని బాహాటంగా! ప్రభుత్వ గుమాస్తా చేయి పడిందని ఇట్టే పోల్చుకోవచ్చు. వారానికి రెండు గంటల పని మామూలు లెక్క. కొత్తవాళ్లు కనీసం మూడు నెలలు ఇలా నడిచాకే, ధ్వజం మీద చేయి వేసి పవిత్రాత్మకు మాట ఇస్తారు. అంటే పని ముందు, ప్రమాణం తర్వాత. చేరేటప్పుడే పెద్ద పెద్ద ఒట్లు వేయించి ఆనక మరిచిపోయే సంఘాల పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

భక్తిని రిపోర్టుగా మార్చేశారని ఆక్షేపించేవాళ్లున్నారు. అంకెల కోసమే తిరిగే ప్రమాదం నిజంగానే ఉంది. అయితే అడిగేవాళ్లు లేనప్పుడు మొదట మానేసేది రోగి దగ్గరికి వెళ్లడమే, పండగ ఊరేగింపు కాదు. ఇంకో ఆక్షేపణ మరింత గట్టిది. దళ సభ్యులు డబ్బు గాని, పాత బట్టలు గాని పంచకూడదని నియమావళి శాసిస్తుంది. బీదరికం ఇంత ఉన్న చోట ఉత్త చేతులతో పరామర్శకు వెళ్లడమేమిటి? సాయం చేయడానికి విన్సెంట్ దె పాల్ సభ ఉంది; అక్కడికి దారి చూపవచ్చు. పైగా ఏదో ఎర చూపి మతంలోకి లాగుతున్నారన్న అనుమానం ఊరూరా ఉన్న మన దేశంలో, చేతిలో ఏమీ లేకుండా వచ్చి మంచం పక్కన కూర్చునే మనిషిని శంకించడం కష్టం. డబ్లిన్‌లో పెట్టిన నిషేధం ఇక్కడ మరీ బాగా అతికింది.

నైట్‌షిఫ్టుల నగరంలో వారం వారం కూడిక కుదరదు, నెలకోసారి చాలదా అనే మాటకు కూడా ఉపాయం ముందే ఉంది. కూడికకు రాలేనివారు ఇంట్లోనే రోజూ దళ ప్రార్థనలు, జపమాల చెప్పుకుంటూ సహాయక సభ్యులుగా ఉండవచ్చు. అది చిన్నతనమేమీ కాదు. విచారణ గురువులు చేయకూడని పని ఒకటుంది: జాబితా నిండడం కోసం క్రియాశీల సభ్యుల నియమాన్ని సడలించడం. రాలేనివారిని సహాయక సభ్యుల్లో చేర్చండి, వచ్చేవారిని మాత్రం ఈ వారం ఎక్కడికి వెళ్లారో అడగండి.