పల్లె ముంగిట పుస్తకము

1935వ సంవత్సరము అక్టోబరు మాసమున గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువపై పుస్తకముల పడవ యొకటి బయలుదేరినది. కొల్లూరు మొదలు పెదవడ్లపూడి వఱకు దాని రాకపోకలు. ఆ దినములలో డెల్టా గ్రామములవారికి పడవ ప్రయాణము నిత్యకృత్యము. గట్టు వెంబడి మనుష్యులు త్రాడు పట్టి లాగుచుండ గంటల తరబడి నీటిపై కదలిపోవు ప్రయాణికునకు తీరికకు లోటుండదు. ఆ తీరికను కనిపెట్టి దానికి పుస్తకమును జతచేసినవారు పెదపాలెము గ్రామమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు. పడవలోనివారు కూర్చుండి చదువుకొనవచ్చును. గట్టునందలి గ్రామములవారు వచ్చి పుస్తకములు తీసికొని పోవచ్చును.

గ్రంథాలయమనగానే మనకు మొదట భవనమును, తరువాత బీరువాలును, ఆపైన సభ్యత్వ రుసుమును తోచును. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమ చరిత్రను తఱచి చూచినచో, పల్లెలలో దానికి ప్రాణము పోసినది వేఱొకటి యని తెలియును. పుస్తకమును చేతబట్టుకొని జనులున్న చోటికి పోయినవారును, అక్షరము రానివారిని చుట్టును కూర్చుండబెట్టుకొని చదివి వినిపించినవారును ఆ ఉద్యమమును నడపిరి.

ఇందుకు కారణము స్పష్టమే. 1911 జనాభా లెక్కలనాటికి మన దేశమున నూటికి ఆఱుగురు మాత్రమే అక్షరాస్యులు. స్త్రీలలో ఆ సంఖ్య మఱియు స్వల్పము. పుస్తకములను బీరువాలో నుంచి, వచ్చి తీసికొని పొండని చెప్పినచో గ్రామమంతటిలో నలుగురైదుగురికి మించి ప్రయోజనము లేదు. కావున సాయంకాలము వార్తాపత్రికను బిగ్గరగా చదువుటయు, రాత్రి బడులు నడపుటయు, హరికథలు, సభలు జరుపుటయు గ్రంథాలయమున కంగములైనవి. పురాణ కాలక్షేపమున కలవాటుపడిన మన పల్లెకు ఇది క్రొత్త సంగతి కాదు. పురాణము చదివిన అరుగు మీదనే పత్రికయు వచ్చి చేరినది, అంతియే.

1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగెను. అయ్యంకి వేంకటరమణయ్యగారును, సూరి వేంకట నరసింహశాస్త్రిగారును దానికి పూనుకొనినవారు. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఆయనకు చిన్ననాటినుండియు చూపు మందము. పోనుపోను అదియు క్షీణింపగా ఒరులచే చదివించుకొని, ఒరులచే వ్రాయించి గ్రంథరచన సాగించిన మహనీయుడు. ఆంధ్ర మిల్టనని ఆయనను పిలిచెడివారు. పుస్తకమును చెవితో చదివిన పండితుని గ్రంథాలయ సభకు అధ్యక్షునిగా నెన్నుకొనుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, నాకు మాత్రము అది ఎంతయు ఉచితముగా తోచుచున్నది.

ఆ కాలమున గ్రంథాలయములకు పేరుగన్న సంస్థానము బరోడా. సాయాజీరావు గాయక్వాడు మహారాజు 1910లో అమెరికానుండి బోర్డెనను గ్రంథాలయ నిపుణుని రప్పించి, నగరమున కేంద్ర గ్రంథాలయమును నెలకొల్పి, పెట్టెలలో పుస్తకములు నింపి గ్రామములకు పంపు ఏర్పాటు చేసెను. 1919 నవంబరులో మద్రాసున అయ్యంకివారి పూనికతో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగినప్పుడు బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కరుగారే అధ్యక్షులు. నేడు నవంబరు 14 మొదలుకొని జరుపుకొను జాతీయ గ్రంథాలయ వారోత్సవములకు ఆ సభయే మూలము. అయితే బరోడాలో ధనమిచ్చినవాడు ప్రభువు. మనకు ప్రభువు లేడు. ఇచట గ్రామస్థుల చందాలును, యువకుల కాలినడకయును పెట్టుబడి. అయ్యంకివారు పరివారముతో గ్రంథాలయ యాత్రలు జరిపి ఊరూర ప్రబోధించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఈ ఉద్యమమును వయోజన విద్యతో ముడివేసి తమ జీవితాంతము, అనగా 1960 వఱకు, దానికై పాటుపడిరి. నేతపనివారి ఊరైన వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనమున గాంధీ మహాత్ముని చేతికఱ్ఱ నేటికిని భద్రముగా నున్నది. అంతకంటె విలువైనవి అచటి పాతపత్రికల సంచికలు.

నైజాము రాష్ట్రమున పరిస్థితి కఠినము. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపితములైనవి. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదటిదానికి ముఖ్య కారకులు. తరువాతి కాలమున అక్కడ సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి కావలసియుండెను. తెలుగువారు తెలుగులో నలుగురు కూడి మాటలాడుకొనుటకు గ్రంథాలయమే నీడయైనది. వట్టికోట ఆళ్వారుస్వామిగారి చరిత్ర మఱచిపోరానిది. బాల్యమున ఒరుల యింట వంట చేయుచు చదువు నేర్చుకొనిన ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను స్వయముగా మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి.

పిమ్మట చట్టములు వచ్చినవి. రంగనాథన్ గారి కృషి ఫలితముగా 1948లో మద్రాసు శాసనసభ గ్రంథాలయ చట్టమును చేసెను. 1955లో హైదరాబాదున మఱియొకటి. ఈ రెంటి స్థానమున 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వెలువడెను. ఇంటిపన్నుపై గ్రంథాలయ పన్ను, జిల్లా జిల్లాకు గ్రంథాలయ సంస్థ, ఉద్యోగులకు జీతము ఏర్పడినవి. ఇది తక్కువ మేలు కాదు. చందాలపై బ్రదికిన అనేక గ్రంథాలయములు స్థాపకునితోనే అంతరించినవి. కాని జీతము వచ్చిన పిమ్మట పుస్తకము మోయువాడు కనుమఱుగైనాడు. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును సకాలమున అప్పగింపక బకాయి పెట్టుట మఱియొక పాతకథ. గ్రామస్థుడు పన్ను కట్టును, గ్రంథాలయము నాది యని తలపడు. ఈ నష్టమును ఏ చట్టమును పూరింపలేదు.

ఈ సంగతులు జంషెడ్‌పూరు వాసులకేల యని యడుగవచ్చును. సాక్చీ గ్రామము 1919లో జంషెడ్‌పూరను పేరు దాల్చుటకు ముందే కర్మాగారము ఇనుమును, ఉక్కును పోయనారంభించినది. ఉత్తరాంధ్రనుండి అనేక కుటుంబములు రైలెక్కి వచ్చి ఇచట స్థిరపడినవి. 1950లో జాతీయ లోహశోధనాలయము వెలసిన పిదప కేంద్రప్రభుత్వోద్యోగులును ఇక్కడ చేరిరి. బిష్టుపురమున ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము మన గుర్తుగా నిలిచినది. అయినను మన పిల్లలలో చాలమంది ఇంట తెలుగు మాటలాడుదురు గాని బడిలో హిందీ, ఇంగ్లీషు లిపులే నేర్చుటచే తెలుగు పుస్తకము తెఱచి చదువలేరు. వారి విషయమున మనము 1911నాటి పల్లెలో నున్నాము.

పొరుగును చూడుడు. ఇక్కడికి చేరువనున్న చాయిబాసాలో సంజయ్ కచ్ఛప్ గారను రాష్ట్ర ప్రభుత్వోద్యోగి తమ వాడలో గ్రంథాలయము పెట్టి, బదిలీయైన చోటనెల్ల మఱియొకటి పెట్టుచు కొల్హాన్ పల్లెలలో పిల్లలకు చదువు దగ్గర చేసిరి. 2022 నవంబరులో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగమున ఆయన కృషిని పేర్కొనిరి. ఇదే రాష్ట్రమున జామ్‌తాడా జిల్లాలో 2020 నుండి పాడుపడిన ప్రభుత్వ భవనములను బాగుచేసి పంచాయతీ పంచాయతీకి గ్రంథాలయము తెఱచినారు. సంతాలీ భాషకు రఘునాథ్ ముర్ము పండితుడు ఓల్ చికి లిపిని కల్పించినది 1925లో. నిన్న పుట్టిన ఆ లిపిని వారు అంత ప్రేమతో నేర్చుకొనుచుండగా, వేయేండ్లు దాటిన లిపి గల మనము బీరువాకు తాళము వేసి కూర్చుంటిమి.

మన సంఘములలో పుస్తకములకు కొఱత లేదు. పండుగనాడు ప్రదర్శింతుము, మరునాడు మూయుదుము. ఆదివారము ఉదయమున ఒక గంట, ఎవరింటి వరండాలోనైనను సరే, పెద్దలొకరు కథ చదువగా పిల్లలు విని, చివర పది నిమిషములు అక్షరములు దిద్దుట ఆరంభింపవచ్చును. పదవీ విరమణ చేసిన పెద్దలు, కావ్యములు చదివిన గృహిణులు మనలో నెందఱో కలరు. సోనారి, కదమా, బర్మామైన్సులలో తలకొక వాడ తీసికొన్న చాలును. ముందుగా పుస్తకములను సంచిలో పెట్టుకొని బయలుదేరువారు ముగ్గురు కావలెను. కార్యదర్శి యెవరు, తాళపుచెవి యెవరి యొద్ద నుండవలెనన్న చర్చ ఆ తరువాత.