లండనులో మన పల్నాటి రాయి



అన్నో, తమ్ముడో, ఆడబిడ్డో పైదేశాల్లో వున్న ఇళ్ళు మన నరసరావుపేటలో చాలానే వున్నాయి. సెలవులకు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళివస్తున్నాం. లండను వెళితే పెద్ద గడియారం, థేమ్స్ నది మీద వంతెన, రెండంతస్తుల బస్సు అన్నీ చూపిస్తాం. చూపించవలసినవే. కాని అక్కడ మన పిల్లలు చూడవలసిన మన సొత్తు కూడా వుంది. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ నంబరు గదిలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. ఒకటీ రెండూ కాదు, నూటికి పైమాటే. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు లేదు.

ఆ రాయిని పురావస్తు గ్రంథాల్లో పల్నాడు పాలరాయి అంటారు. నిజానికది మన సున్నపురాయే. మా పదేళ్ళ పిల్లవాడు అక్కడ మొదట అడిగిన ప్రశ్న, "అమ్మా, వీళ్ళు మన రాళ్ళు ఎత్తుకొచ్చారా?" అని. తల్లి అన్నాక దీనికి సమాధానం తెలిసుండాలి గదా!

1790 ప్రాంతాల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిని రాజధాని చేసుకున్నారు. కొత్త ఊరికి ఇటుకలూ రాళ్ళూ కావాలి. పక్కనే పాతదిబ్బ వుంది. తవ్వితే బొమ్మలు చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ కబురు విని కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. మిగిలినవాటికి ఆయన బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు పంపాడు. 1859లో వాటిలో చాలాభాగం ఓడెక్కి లండను చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి.

మన నడక్కుండానే కుంఫిణీ దొరలు పట్టుకుపోయిన మాట నిజం. అంతకుముందూ ఆ తర్వాతా మనవాళ్ళు పలకల్ని పగలగొట్టి కట్టడాలకు వాడుకున్నదీ, కొన్నిటిని సున్నానికి కాల్చిందీ నిజమే. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలు ఎరిగిన మనకు ఆ రాయి ఎంత త్వరగా బూడిదవుతుందో చెప్పనక్కర్లేదు. పిల్లలకు రెండూ చెప్పాలి. ఒకటి దాచి ఒకటి చెబితే అది చరిత్ర కాదు.

ఆ గదిలో ఒక పలక తప్పక చూపించండి. దానికి ఒకవైపు క్రీస్తుకు పూర్వం చెక్కిన బోధివృక్షం, ఖాళీ ఆసనం వున్నాయి. మూడు వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిరగేసి రెండోవైపు స్తూపం చెక్కారు. పాతచీర తిరగేసి బొంత కుట్టుకునే మనకు ఈ పొదుపు తేలిగ్గా అర్థమవుతుంది. పిల్లలకు శతాబ్దాలు వల్లె వేయించకండి. ఏనుగు ఎక్కడుందో, సింహం ఎక్కడుందో వెతకమనండి. ఒక్క గంట, ఒక్క గది చాలు.

ఈ పలకలు ఎవరిచ్చారో కూడా చెప్పండి. రాజులు మాత్రమే కాదు. భిక్షుణులు, గృహిణులు, వర్తకులు దానమిచ్చినట్టు శాసనాలున్నాయి. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకూ కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. ఇవాళ మన రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో వున్నది ఆ పూర్ణఘటమే.

అయితే అమ్మలూ, లండనుకు ముందు ఇక్కడివి చూపించండి. సత్తెనపల్లి మీదుగా అమరావతి ఎంతో దూరం కాదు. అక్కడ స్తూపం అడుగుభాగమూ, మ్యూజియమూ వున్నాయి. మాచర్ల దాటి విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. సాగర్ నీటిలో మునిగిపోయే లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండమీద భద్రపరిచారు.

అక్కడ దొరికిన ఒక శాసనం బోధిసిరి అనే గృహస్థురాలిది. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఆమె సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లు ఆ శాసనంలో వున్నాయి. అంటే, ఒకప్పుడు పైదేశాల వాళ్ళు చూడవచ్చిన పట్నం మన విజయపురి! ఈ మాట ముందే విన్న పిల్లవాడు లండను మ్యూజియంలో పరాయివాడిలా బెదురుతూ నిలబడడు. పలకల దగ్గరికి వెళ్ళి, చుట్టాన్ని పలకరించినట్టు చూస్తాడు.