తుపాకి వెల ఎంత?

ఇత్తడి బిందె వెల మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? చేత్తో ఎత్తి చూస్తే చాలు, ఎన్ని కిలోలుంటుందో, పాతసామాన్లవాడు ఎంత తగ్గించి చెబుతున్నాడో ఇట్టే తెలిసిపోతుంది. పట్టుచీర అంచు చూసి జరీ సంగతి చెప్పేస్తాం. బంగారం మాట సరేసరి. కాని తుపాకికి వెల కట్టమంటే ఏం చేస్తాం, చెప్పండి?

చందానగర్‌లో మా పక్క ఫ్లాటు పెద్దమ్మ నాకు ఆ పనే పెట్టింది. ఆవిడ మామగారిది వికారాబాదు వైపు పల్లె. పంటమీద పడే అడవిపందుల కోసం లైసెన్సు తీసుకుని ఒక రైఫిల్ కొన్నారట. ఆయన తర్వాత అది కొడుక్కు వచ్చింది. పోయిన ఏడు ఆ కొడుకూ, అంటే పెద్దమ్మ భర్తా, పోయారు. చట్టం ప్రకారం తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి రశీదు తెచ్చుకుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో, “అమ్మా, ఇక్కడ పాత మిలిటరీ తుపాకులంటే పడిచస్తారు” అన్నాడట. అప్పటినుంచీ ఆవిడకు ఒకటే ఆశ.

“బిడ్డా, మా మామది అసలు సిసలు త్రీ నాట్ త్రీ. లడాయిల వాడింది. ఎంత పలుకుతదో జర చూడు. మనుమరాలికి రెండు గాజులన్నా చేయిస్త” అంది.

నేను చరిత్ర చదువుకున్నదాన్నని ఆవిడకు అంత నమ్మకం. సరే, లైసెన్సు పుస్తకం తెప్పించి చూశాను. అందులో బోరు అన్నచోట .303 లేదు, .315 అని ఉంది. అంకెల్లో తేడా వెంట్రుకవాసి. అంగుళంలో వెయ్యోవంతులు పన్నెండు! కాని ఆ వెంట్రుకవాసి వెనక నూటయాభై ఏళ్ళ భయం దాగి ఉంది.

1857 తిరుగుబాటుకు నిప్పురవ్వ కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డు తూటాలని మనం బళ్ళో చదువుకున్నాం. తర్వాత జరిగినది బళ్ళో చెప్పరు. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు వాటి వెంట గిర్రున తిరుగుతూ వచ్చి దూరానికి సూటిగా పోతుంది. తిరుగుబాటు అణిగాక తెల్లదొరలు మన సిపాయిల చేతికి ఆ గాడులు లేని నున్నటి గొట్టాల తుపాకులు ఇచ్చారు. పైకి చూస్తే అదే తుపాకి, పని మాత్రం సగం! 1878లో లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చి, బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు లేకుండా జనం తుపాకి పట్టరాదన్నాడు. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు.

ఇక త్రీ నాట్ త్రీ. అది లీ-ఎన్‌ఫీల్డు రైఫిల్. పది తూటాలు పట్టేది, నాలుగు కిలోల బరువు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ మనవాళ్ళ భుజాన ఉన్నది అదే. కలకత్తా దగ్గర ఇషాపూర్ కర్మాగారంలో లక్షల్లో తయారైంది. సైన్యం వాడే తూటా మామూలు జనం తుపాకిలో పట్టకూడదని దొరల పట్టుదల. అందుకని వేటగాళ్ళకోసం వేరే బోరు పెట్టారు. అదే ఈ .315. ఇంగ్లండులో బి.ఎస్.ఎ. కంపెనీ ఇండియాలో అమ్మకానికి ఆ బోరు తుపాకులు చేసేది. స్వతంత్రం వచ్చాక ఇషాపూర్ కూడా లీ-ఎన్‌ఫీల్డు పోలికలోనే ఆ బోరు రైఫిళ్ళు చేసింది. దొంగిలించిన మిలిటరీ తూటా ఇందులో పనికిరాదు. జైలు కాపలావాళ్ళకోసం చేసింది ఇంకా తమాషా! అదే త్రీ నాట్ త్రీకి లోపలి గాడులు తీసేసి, .410 బోరు చేసి, తూటాల అర ఉండాల్సినచోట చెక్క దిమ్మ బిగించారు. ఒక్కసారికి ఒక్క తూటాయే. ఎవరైనా లాక్కున్నా పెద్దగా ఉపయోగం ఉండకూడదన్నమాట.

అంటే తుపాకి తయారయ్యే రోజునే దాని విలువను కావాలని తగ్గించిన వాళ్ళున్నారు. బిందెకు ఎవరైనా చిల్లు పెట్టి అమ్ముతారా?

పెద్దమ్మ మామగారిది లడాయి చూసిన తుపాకి కాదు, దాని పోలికలున్న తమ్ముడు. ఒకవేళ నిజంగా త్రీ నాట్ త్రీ అయినా గాజులు వచ్చేవి కావు. అది నిషిద్ధ బోరు, మామూలు మనుషులకు లైసెన్సు దొరకదు. కొనేవాడే లేని వస్తువుకు బేరం ఎక్కడిది? అమెరికాలో సంగతి వేరు. అక్కడ సరదాగా సేకరించేవాళ్ళు బోల్టుమీదా, గొట్టంమీదా నంబర్లు కలిశాయా, లోపల గాడులు అరిగాయా, చెక్క అసలుదేనా, కిరీటం ముద్ర ఉందా అని భూతద్దం పెట్టి చూసి ధర చెబుతారు. మన దగ్గర ముందు చూసేది కొనేవాడి లైసెన్సు.

ఆ కొనేవాళ్ళూ తగ్గిపోయారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట పోయింది. వేటతోపాటే వేట తుపాకి మోజూ పోయింది. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర మూడు తుపాకులుండవచ్చన్నది రెండుకు దిగింది. మూడోది వదిలించుకునేవాళ్ళు పెరిగాక ధర ఏం నిలుస్తుంది? పైగా అప్పగించిన తుపాకిని గడువులోగా వారసులు లైసెన్సు తెచ్చుకుని తీసుకోకపోయినా, లైసెన్సున్నవారికి అమ్ముకోకపోయినా సర్కారుకు జప్తయ్యే అవకాశముంది. ఈ మాటే పెద్దమ్మకు విడమరచి చెప్పాను. కాసేపు ఆలోచించింది. “పందుల్లేవు, పంటల్లేవు, ఇగ తుపాకెందుకు? వచ్చిన కాడికి అమ్మేస్త” అని మర్నాడే లైసెన్సున్న దుకాణం వాకబు చేయించింది. ఇంట్లో ఇలాంటివి ఉన్నవాళ్ళు ముందు కాగితాలు వెతికిపెట్టుకోండి. తుపాకికంటే ఆ కాగితాలకే విలువెక్కువ.

అయితే తుపాకికి వెల కట్టలేని రోజులు కూడా మన హైదరాబాదు చూసింది. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాంకోసం ఫిరంగులు పోయడానికి కట్టించిన తోప్ కా సాంచా పేరు మీదనే నేటికీ గన్‌ఫౌండ్రీ పేట ఉంది. ఆయన పోయిన 1798లోనే ఇంగ్లీషువాళ్ళు నిజాం దగ్గరున్న ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. నూటయాభై ఏళ్ళు తిరిగేసరికి, 1948లో, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీనుంచి దొంగచాటుగా నిజాంకు విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరులో పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. కాటన్‌కు ఇంగ్లండు కోర్టు వేసిన జరిమానా రెండువందల పౌన్లు!

అదే కాలంలో తెలంగాణా పల్లెల్లో జనం దగ్గరున్నవి వడిసెలలు, కారపు పొడి, ఒకటీ అరా బర్మారు తుపాకి. శత్రువు దగ్గర లాక్కున్న ఒక్క రైఫిల్ దళానికంతటికీ ప్రాణం. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం ఇరవై ఏళ్ళైనా నిండకముందే ఆ దళాల్లో తుపాకి పట్టింది. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలు ఇస్తామని సర్కారు ప్రకటించిందని చెబుతారు. 2022లో కన్నుమూసేదాకా ఆమె గొంతు తగ్గలేదు.

రైఫిల్ అదే, ఇనుమూ చెక్కా అవే. దొర చేతిలో ఉన్నంతకాలం దానికి బజారు ధర ఉండేది. ఆ పడుచుపిల్ల చేతికి వచ్చాక ప్రభుత్వం తుపాకిని వదిలేసి మనిషికి వెల కట్టింది.