రోగనిరోధక శక్తి తగ్గినవారి నోట్లో వైరస్ పుండ్లు: పావగడ ప్రాంతం

హెచ్‌ఐవీ వల్ల గానీ, కేన్సర్ మందుల వల్ల గానీ, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందుల వల్ల గానీ ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోతే, అంతవరకూ అణిగి ఉన్న వైరస్‌లు నోట్లో బయటపడతాయి. పెదవి మీద పొక్కులు, అంగిట్లో పుండ్లు, నాలుక అంచున తెల్లమచ్చలు, పులిపిర్లు వీటి రూపాలు.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశే. ఊళ్లలో కన్నడంతో పాటు తెలుగు బాగా నడుస్తుంది. నోరు పూస్తే ‘వేడి చేసింది’ అని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగడం ఈ సీమ అలవాటు. మామూలు నోటిపూత వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది కాబట్టి ఆ వైద్యం మీద నమ్మకం చెడదు. చిక్కంతా మానని పుండుతోనే. రెండు వారాలు దాటినా మానని పుండును డాక్టరుకు చూపించాల్సిందే.

అలాంటివాటిలో మొదట చెప్పుకోవాల్సింది హెర్పిస్ సింప్లెక్స్. ఆరోగ్యవంతులకు జ్వరం తర్వాత పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేచి, చిట్లి, పక్కుకట్టి పోతాయి. నిరోధక శక్తి లేనివారికి అవి నాలుక మీదికీ బుగ్గల లోపలికీ పాకి, ఒకదానితో ఒకటి కలిసి పెద్ద పుండ్లవుతాయి. ముద్ద దిగదు, మనిషి చిక్కిపోతాడు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇలాంటి పుండు నెల దాటినా మానకపోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది నాలుగో దశ, అంటే బాగా ముదిరిన దశ. దీనికి మందు ఎసైక్లోవిర్. దానికి లొంగకపోతే ఫోస్కార్నెట్. నోటిపూతకని మందుల షాపుల్లో ఇచ్చే కొన్ని పేస్టుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. హెర్పిస్ పుండు మీద అది రాస్తే వైరస్ ఇంకా చెలరేగుతుంది.

ఆటలమ్మ తెచ్చే వైరస్సే ఏళ్ల తర్వాత సర్పిగా తిరగబెడుతుంది. కన్నడంలో దీన్ని సర్పసుత్తు అంటారు. ఎర్రమన్ను పూయించుకోవడం కర్ణాటక పల్లెల్లో పాత వాడుక. నోట్లో వస్తే అంగిట్లో ఒక సగానికే పొక్కులు లేస్తాయి. మధ్యగీత దగ్గర గీసినట్టు ఆగిపోతాయి. పొక్కులు రాకముందే పన్ను పోటులాంటి నొప్పి వస్తుంది కనుక, పన్ను పీకించుకున్నాక అసలు సంగతి బయటపడే ప్రమాదం ఉంది. చిన్న వయసులో సర్పి వస్తే హెచ్‌ఐవీ పరీక్ష చేయించడం మంచిది.

నాలుక పక్క అంచున నిలువు ముడతలుగా, నూగు పట్టినట్టుండే తెల్లమచ్చ హెయిరీ ల్యూకోప్లేకియా. కారణం ఎప్‌స్టీన్ బార్ వైరస్. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రీన్‌స్పాన్ దంపతుల బృందం దీన్ని తొలిసారి వర్ణించింది. నొప్పి ఉండదు, గీకినా పోదు. గీకితే లేచివచ్చే తెల్లపూత సాధారణంగా కేండిడా అనే ఫంగస్‌ది. ఆకు, వక్క, పొగాకు నమిలేవారికి వచ్చే తెల్లమచ్చ వేరు, అది కేన్సర్‌గా మారవచ్చు. నాలుక అంచు మచ్చ కేన్సర్ కాదు గానీ హెచ్‌ఐవీ మూడో దశకు గుర్తు. దీనికి విడిగా మందు సాధారణంగా అక్కర్లేదు, హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మాత్రలతో తగ్గుతుంది.

హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలైన సీడీ4 కణాలు బాగా పడిపోయినప్పుడు సైటోమెగలో వైరస్ లోతైన పుండ్లు చేస్తుంది. పైకి చూసి పోల్చుకోలేం, ముక్క తీసి పరీక్షించాలి. అంగిట్లో ఊదారంగు మచ్చగా మొదలయ్యే కపోసీ సార్కోమా అనే వైరస్ కేన్సర్ మనదేశంలో అరుదు.

హెచ్‌ఐవీ ఒక్కటే కారణం అనుకోకూడదు. పావగడ శ్రీరామకృష్ణ సేవాశ్రమం కుష్ఠు, క్షయ రోగుల సేవకు పేరుపొందింది. కుష్ఠు చికిత్సలో వచ్చే రియాక్షన్లకు నెలల తరబడి ప్రెడ్నిసలోన్ వాడాల్సి రావచ్చు, దానితోనూ నిరోధక శక్తి తగ్గుతుంది. క్షయ రోగులకైతే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. అందుకే వీళ్ల నోరు ప్రతిసారీ తెరిపించి చూడాలన్నది నా అభిప్రాయం. టార్చిలైటు, గాజుగుడ్డ చాలు: నాలుక కొనను గుడ్డతో పట్టి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి లాగితే అంచులు కనిపిస్తాయి.

పొరుగున బత్తలపల్లిలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి నుంచి ఆ సంస్థ స్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ పేరిట వెలువడిన హెచ్‌ఐవీ అధ్యయనాలు, అనంతపురం పల్లెల్లో చాలామంది సీడీ4 పడిపోయాకే వైద్యానికి వస్తున్నారని చూపాయి. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004లో మొదలైంది. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా, హెచ్‌ఐవీ తేలగానే మాత్రలు ఇస్తున్నారు. 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, వైద్యం నిరాకరించకూడదు.

మాత్రలు పడ్డాక హెర్పిస్, నాలుక మచ్చలు తగ్గుముఖం పడతాయి. పాపిలోమా వైరస్ తెచ్చే పులిపిర్లు మాత్రం కొందరికి అప్పుడే పెరుగుతాయి. మందు పడలేదని భయపడి మాత్రలు ఆపకూడదు. పులిపిర్లను కత్తిరించో, కాల్చో, లేజర్‌తోనో తీసేస్తారు. కొన్ని తిరిగి మొలుస్తాయి, మళ్లీ తీయించుకోవాలి.